ఇంటమ్మ గుట్ట

పూర్వం హంద్రీనదికి దక్షిణంగా, నల్లరేగడి నేలల నడుమ, కొండంత భస్మరాశి ఒకటి ఉండేదట. అది ఏనాడో దగ్ధమైన రాక్షసుని చితాభస్మమని నమ్మి, గ్రామస్థులు పశువులనైనా ఆ పక్కకు తోలేవారు కారు. ఆ పల్లెకు కోడలై వచ్చిన సుంకక్కకు మాత్రం పొలానికి పోతూ వస్తూ ఆ దిబ్బను తేరిపార చూడనిదే తోచేది కాదు. అంత చితికి కట్టెలు ఎవరు మోసినారో అని ఆమె అడిగితే, అత్త హనుమక్క "నీ పుట్టింటోళ్ళు మోసినారులే, పోమ్మే!" అని కసిరేది.

ఒక శ్రావణంలో ముసురు పట్టి విడవక కురిసి, కప్పులు కారి, ఊళ్ళోని పొయ్యిలన్నీ ఆరిపోయినవి. సరిగ్గా అప్పుడే సుంకక్క తోడికోడలు ప్రసవించింది. కుంపటి వేడి లేక పురిటిబిడ్డ ఒళ్ళు చల్లబడుతుంటే, సుంకక్క గడపగడపకూ తిరిగినా ఎక్కడా నిప్పుకణిక దొరకలేదు. ఉత్తచేతులతో తిరిగి వస్తూ, వాన కోసిన ఆ దిబ్బ అంచున ఏవో మెరుస్తుంటే ఆమె ఆగింది.

ఎర్రని కుండపెంకులు, సన్నని రంధ్రం గల రాతిపూసలు, అరచేతిలో ఇమిడే నున్నని రాతిగొడ్డలి, నూరి నూరి గుంటపడిన రాయి వాననీటితో కడిగినట్లు బయటపడి ఉన్నవి. వాటి నడుమ పొగచూరిన మూడు రాళ్ళు, ఆ రాళ్ళ మధ్య అరచేత్తో అదిమినట్లున్న బూడిద. ఆమె నిర్ఘాంతపోయి చూసింది. రాత్రి పడుకోబోయే ముందు, తెల్లవారి రాజేసుకోవడానికి తాను నిప్పును కప్పిపెట్టేదీ అచ్చం అట్లాగే! ఎవరో ఇల్లాలు పొయ్యి కప్పి వెళ్ళి, ఇంకా తిరిగి రాలేదు.

ఇరుగింటి గుమ్మంలో నిలిచినట్లే నిలిచి, "అమ్మా, ఇంట్లో ఉండావా? పసిబిడ్డకు ఇంత నిప్పు కావల్ల" అని వినయంగా అడిగి, ఆమె బూడిదను మెల్లగా తోసింది. యుగయుగాల వానలకు చావని ఎర్రని కణిక ఒకటి అడుగున కన్ను తెరిచింది.

దానిని కుండపెంకులో పెట్టి, ఒక పూసను పిడికిట బిగించి, కొంగు అడ్డం పట్టి తెస్తే, హనుమక్క వాకిట్లోనే అడ్డగించింది. "రాకాసి నిప్పును బిడ్డ పక్కన పెడతావా, నీకేమన్నా మతి పోయిందా?"

సుంకక్క పిడికిలి విప్పి పూసను చూపింది. "రాకాసి మెళ్ళో పూసలేసుకుంటుందా అత్తా? రాతిమింద కూర్చోని గింజలు నూరుకుంటుందా? అది చితి కాదు, ఒక ఆడమనిషి పొయ్యి. అడిగితే ఇచ్చింది."

హనుమక్క ఆ పూసను కాసేపు తిప్పి తిప్పి చూసి, తానే పిడకలు తెచ్చి ఊదసాగింది. ఏ దైవమహిమో గాని, తడిసిన పిడకలు అంటుకున్నవి. కొంతసేపటికి బిడ్డ కెవ్వుమన్నది. ఊళ్ళోని పొయ్యిలన్నీ ఆ నిప్పుతోనే మళ్ళీ వెలిగినవి.

పెద్దలు ఆ మూడు రాళ్ళకు దేవతానామం ఒకటి పెట్టి గుడి కట్టబోతే, "ఆమె పేరు మనకేం తెలుసు? ఉన్న ఇంటిమీద ఇంకో ఇల్లెందుకు?" అని సుంకక్క వారించిందట. అందువల్ల ఆ తల్లి ఇంటమ్మ అయింది, దిబ్బ ఇంటమ్మ గుట్ట అయింది. గోపురం లేదు, విగ్రహం లేదు. నేటికీ తొలకరికి అక్కడ పూసలు, పెంకులు తేలుతూనే ఉంటాయి. ఎవరూ ఇంటికి తీసుకుపోరు. ఇక శ్రావణమాసపు పూజకు వచ్చిన ఆడవాళ్ళు గుట్ట మొదట చెప్పులు విడిచి, "అమ్మా, ఇంట్లో ఉండావా?" అని కేకేసి, ఒక్క క్షణం చెవియొగ్గి, ఆ తరువాతనే కాలు పెడతారు.