తాయారమ్మకి మళ్ళీ మూడు ముళ్ళు

అనగనగా గోదారి మధ్యలో ఒక లంక. ఆ లంకలో తాయారమ్మ, గణపతి అని మొగుడూపెళ్ళాలు ఉండేవాళ్ళు. ఒక ఏడు ఊరి మీదికి కంటికి కనపడని పురుగొకటి వచ్చింది, తల్లీ. ముందు గణపతికి జ్వరం తెచ్చింది. ఆ తర్వాత తాయారమ్మ ఊపిరితిత్తుల్లో దూరింది.

అప్పుడు కూతురు సుభాషిణి ఇద్దర్నీ పడవెక్కించి, అవతలి ఒడ్డున టౌను ఆస్పత్రిలో చేర్చింది. తాయారమ్మకి నాలుగు మాటలాడితే ఆయాసం. జబ్బు ఎంత మేర పాకిందో చూస్తేగానీ మందు తేల్చలేనన్నాడు డాక్టరు. ఛాతీకి సీటీ స్కాన్ తీయాలన్నాడు.

ఆ మిషను పెద్ద గారెలా ఉంటుంది, మధ్యలో చిల్లు. మనిషి అందులోకెళ్ళి ఊపిరి బిగబట్టాలి. ఛాతీ మీద ఇనుమూ బంగారం ఏవీ ఉండకూడదు. పుస్తెలు తీయమన్నారు.

తీయనంది. పక్క వార్డులో మొగుడు జ్వరంతో పడుంటే తీస్తుందా మరి?

ఆ తర్వాత కూతురు బతిమాలింది. తాయారమ్మ సరేనని తలూపి, మెళ్ళోంచి తీసి, జాకెట్టులో దాచుకుని వెళ్ళింది. స్కాన్ బొమ్మ నిండా తెల్లటి చారలు. ఏది పుస్తెల నీడో, ఏది జబ్బో డాక్టరుకి తెలియలేదు. ఈలోగా ఆయాసం ఇంకా ముదిరింది.

అప్పుడు సుభాషిణి నాన్న దగ్గరికి పరుగెత్తింది. గణపతి ఎదురు కొట్టు నుంచి పసుపుకొమ్ము తెప్పించాడు. దారానికి కట్టాడు. గోడ పట్టుకుంటూ వచ్చాడు.

"మెడ వంచు," అన్నాడు.

"ఈ వయసులో మళ్ళీ పెళ్ళా," అంది తాయారమ్మ, రొప్పుతూనే.

"అప్పుడు అడక్కుండానే వంచావు. ఇప్పుడెందుకు బెట్టు."

నర్సులు మాస్కుల్లోనే నవ్వారు. మూడు ముళ్ళూ వేసి, పుస్తెలు తన గుప్పిట్లో పెట్టుకున్నాడు. తాయారమ్మ గారెలోకి వెళ్ళింది. దగ్గు తన్నుకొస్తున్నా ఊపిరి వదల్లేదు.

ఈసారి బొమ్మ తేటగా వచ్చింది. నల్లగా ఉండాల్సిన ఊపిరితిత్తులు సగానికి సగం, పొగమంచు కమ్మినట్టు తెల్లగా ఉన్నాయి. ఇక డాక్టరు ఆగలేదు. మందు మార్చాడు, ఆక్సిజన్ పెంచాడు, కళ్ళెదుటే మంచం వేయించాడు. ముందు గణపతి జ్వరం పోయింది. ఆ తర్వాత తాయారమ్మ ఆయాసం పోయింది. ఆఖరికి ముక్కుకున్న గొట్టం కూడా పోయింది.

లంక రేవులో పడవ దిగుతుంటే అందరూ చెయ్యందించబోయారు. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు తాయారమ్మ. గట్టెక్కింది. గుండెనిండా గాలి పీల్చింది. పెళ్ళైనప్పట్నుంచీ మొగుడి పేరెత్తని మనిషి, రేవంతా మారుమోగేలా కేకేసింది.

"గణపతీ, నడు. ఆకలేస్తోంది."

కథేమో కంచి చేరె,
తాయారు ఇల్లు చేరె,
నువ్వేమో నిద్ర చేరు.