గౌరన్న వేసిన చెక్కనేల

అనగనగా కొండల నడుమ, ముసురు పట్టిందంటే నెలల తరబడి వదలని ఒక ఊరు. ఆ ఊళ్లో గౌరన్న అనే రైతు, అతని భార్య పోలమ్మ కాపురం ఉండేవారు.

వారి తొలిచూలు బిడ్డ మట్టినేల చెమ్మకు జబ్బుచేసి కన్నుమూసింది. కొన్నాళ్లకు పోలమ్మ మళ్లీ నెల తప్పింది.

"ఈ బిడ్డను మట్టిమీద పడుకోనివ్వను. ఇంట్లో చెక్కనేల వేస్తాను" అన్నాడు గౌరన్న.

"వడ్రంగిని పిలవరాదా, మావా?"

"వద్దు. నా బిడ్డ పారాడే నేల నా చేతులతోనే వేస్తాను."

టేకు కొట్టి, పలకలుగా కోసి తెచ్చాడు. దుంగలు పరిచి, వాటిమీద ఆరబెట్టకుండా పచ్చి పలకలనే పెట్టి మేకులు దిగ్గొట్టాడు. ఎండలు ముదిరాయి. చెక్క ఎండి కుంచించుకుపోయింది. సందుల్లోంచి తేళ్లు పైకి పాకాయి.

అన్నీ ఊడదీశాడు. ఈసారి గోడ నుంచి గోడ దాకా వెంట్రుక దూరనంత బిగువుగా కొట్టాడు. వానలు పడ్డాయి. చెమ్మ తాగి చెక్క ఉబ్బింది. జరిగే చోటు లేక నేల నడుమ గేదె వీపులా పైకి లేచింది. నిండు చూలాలు పోలమ్మ కాలు తట్టుకుని, గోడ పట్టుకుని నిలదొక్కుకుంది.

గౌరన్న గొడ్డలి అందుకున్నాడు. "దీన్ని పొయ్యిలో పెడతాను. బిడ్డను కాచుకునే రాత ఈ చేతులకు లేదు" అని కూలబడ్డాడు.

పోలమ్మ పక్కన కూర్చుంది.

"మన వీధితలుపు చూడు, మావా. వానాకాలం బిగుసుకుంటుంది, ఎండాకాలం వదులవుతుంది. చెక్క తీరే అంత. నువ్వు భయంతో తొందరపడ్డావు. భయంతోనే బిగించావు."

"బిడ్డ వచ్చేస్తుందే!"

"రానీ. నేల కుదిరేదాకా నా ఒళ్లో పడుకుంటుంది."

గౌరన్న గొడ్డలి దించాడు. పలకలను ఊడదీసి, ఆరేందుకు ఇంట్లోనే గాలి ఆడేలా పేర్చాడు. ఆడపిల్ల పుట్టింది. తల్లి ఒడిలో, ఉయ్యాలలో పెరుగుతోంది. "చెక్కలకు కాపలా కాస్తున్నాడు" అని ఇరుగుపొరుగు నవ్వారు. వానలు వెనకబట్టి పలకలు కుదురుకున్నాక గౌరన్న వాటికి చిత్రిక పట్టాడు. గోడల వెంట వేలెడు సందు విడిచి, ఒక్కొక్కటే పరిచాడు.

మళ్లీ ముసురు పట్టింది. నేల లేవలేదు, విడలేదు. దానిమీద పిల్ల కేరింతలు కొడుతూ పారాడింది. గౌరన్న వంగి నేలకు అరచెయ్యి ఆనించి, అలాగే ఉండిపోయాడు.

"ఏడుస్తున్నావా, మావా?"

"నేల పొడిగా ఉందే" అన్నాడు.

ప్రేమతో తలపెట్టిన పనినైనా తొందరపాటు చెడగొడుతుంది; ఓర్పే దాన్ని నిలబెడుతుంది.