పైపుల బొమ్మ

కోటిలింగం గారు శిష్యులు అడిగినదానికి నోటితో జవాబు చెప్పే మనిషి కాదు. ఏదో ఒక పని పురమాయించేవాడు, అంతే. తణుకు చుట్టుపక్కల రోడ్డువార గోడల మీద ప్రకటనలు రాసి బతికాడాయన. ఎరువుల ప్రకటనకి ఎరువుల బస్తా బొమ్మే వేస్తాననీ, దాని పక్కన నడుము తిప్పే ఆడమనిషిని చచ్చినా వెయ్యననీ మొండికేసి, కంపెనీల పనులన్నీ పోగొట్టుకున్నాడు. పోయినవన్నీ ఆయన శిష్యుడు సువర్ణరాజుకి దక్కాయి.

ఒక ఉదయం సువర్ణరాజు గురువు ముందు కూర్చుని అడిగేశాడు.

"పైపుల కంపెనీ బొమ్మ చూసిన కాణ్ణించి నాతో మాట మానేశారు. తడిసిన చీరలో ఆడమనిషిని వేశాను, నిజమే. వాళ్ళు ఫోటో ఇచ్చారు, గళ్ళు గీసి పెద్దది చేశాను. గోడ మీద రంగండీ అది. రంగుకి సిగ్గేమిటి? ఎవరికి నష్టం?"

కోటిలింగం గారు కుంచెని కిరసనాయిల్లో ముంచి, గుడ్డతో తుడిచాడు.

"దాహంగా ఉందిరా. నువ్వు బొమ్మ వేసిన ఇంట్లో నీళ్ళు బాగుంటాయి. ఓ చెంబుడు పట్రా."

"నీళ్ళు ఇక్కడే ఉన్నాయి కదండీ."

"అక్కడివే కావాలి."

అది రత్తమ్మ ఇల్లు. ఆవిడ కూతురు ఝాన్సీ జాకెట్లు కుడుతుంది, ఇద్దరికీ ఆ మిషనే ఆధారం. ఆ ఊళ్ళలో ఒక పద్ధతుంది. రోడ్డు వైపు గోడ ప్రకటనకి ఇస్తే, మిగతా మూడు గోడలకీ కంపెనీ ఉచితంగా సున్నం వేయిస్తుంది. ఆ ఆశతోనే రత్తమ్మ గోడ ఇచ్చింది. ఏం బొమ్మ బాబూ అని ఆవిడ అడిగితే, పైపుల బొమ్మేనమ్మా అని చెప్పినవాడు సువర్ణరాజే. ఆ రోజు ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి మరీ పని మొదలుపెట్టాడు. ఆడమనిషి ఒంటికి మెరుపు రావాలని ఖరీదైన నూనె రంగు వాడాడు. మూలనున్న పైపుకీ, కంపెనీ పేరుకీ మాత్రం రంగుపొడి కలిపిన నీళ్ళు సరిపెట్టాడు.

బొమ్మ తుంటి పక్కనే వీధి తలుపు. తట్టాడు.

"ముందు తలుపు తియ్యమండీ," అంది లోపల్నుంచి ఝాన్సీ. "వెనక నుంచి రండి. కంప ఉంది, చూసుకోండి."

వెనక దారంటే మురుగు కాలువ గట్టు. తుమ్మకంప చొక్కా పట్టుకుంది, కాలు బురదలో దిగబడింది. పెరట్లో రత్తమ్మ అంట్లు తోముతోంది. అతన్ని చూసి గుర్తుపట్టింది.

"పైపుల బొమ్మ అన్నావు కదా బాబూ."

అతను చొక్కాకి గుచ్చుకున్న ముల్లు లాక్కున్నాడు.

"పిల్ల తలుపు తీసుకుని గడప దాటితే చాలు, ఎదురుగా టీకొట్టు కాడ కూర్చున్నోళ్ళు, బొమ్మ గోడ దిగొచ్చిందిరోయ్ అంటన్నారు. ఒకడైతే, చీర ఆరిందా ఝాన్సీ అని అడిగాడు. జాకెట్లు కుట్టించుకునే ఆడోళ్ళు ఆ బొమ్మ కింద నిలబళ్ళేక రావడం మానేశారు. వాళ్ళని మాత్రం ఎలా రమ్మంటాం, ఈ బురదలోంచి?" చెంబు కడిగి నీళ్ళు ముంచి ఇచ్చింది. "ఇంద, తీసుకో."

లోపల మిషను చప్పుడు లేదు.

సువర్ణరాజు చెంబు తెచ్చి గురువు ముందు పెట్టాడు. ఆయన ముట్టుకోలేదు. అతని బురద కాళ్ళనే చూస్తూ కూర్చున్నాడు. శిష్యుడు బకెట్టు నిండా సున్నం కలుపుకుని తిరిగి వెళ్ళాడు. టీకొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు, అప్పుడే ముసుగేస్తున్నావేంట్రా అని నవ్వుతుంటే, గోడంతా రెండు పూతలు దట్టంగా వేశాడు. తడి మీద గోడ తెల్లగా కనబడింది. గుండె తేలికపడి, ఝాన్సీని పిలిచి చూపించాలనుకున్నాడు. సాయంత్రం గురువుని వెంటబెట్టుకుని వచ్చాడు.

అప్పటికి సున్నం ఆరింది. నూనె రంగు సున్నాన్ని పట్టుకోదు. ఆ సంగతి అతనికి తెలియనిది కాదు, తొందరలో తోచలేదు. ఒంటి మీది సున్నం పొలుసులు పొలుసులుగా రాలిపోయి, మెడా, నడుమూ, తడి చీరా ముందుకన్నా నిగనిగలాడుతూ బయటపడ్డాయి. నీళ్ళ రంగుతో వేసిన పైపు జాడ లేదు. కంపెనీ పేరు ఒక్క అక్షరం కూడా మిగలలేదు. టీకొట్టు దగ్గర జనం పెరిగారు. వీధి తలుపు మూసే ఉంది.

"రేపు పొద్దున్నే తెల్ల నూనె రంగు తెచ్చి కొట్టేస్తాను గురువుగారూ," అన్నాడు సువర్ణరాజు.

కోటిలింగం గారు గోడ వంక చూడలేదు.

"వేద్దువుగాని. ముందు నువ్వెళ్ళి, అంతదాకా ఆ కాలువ గట్టే దారి అని ఆ పిల్లకి చెప్పి రా."