కాళ్ళు మొలిచిన బడి

ఒక పెద్ద ఏటి మధ్య ఒక లంక ఉంది. లంక మీద మనుషులు, గేదెలు, పుచ్చపాదులు, ఒక బడి ఉన్నాయి.

ఆ ఏటికి ఒక అలవాటు. వరద వచ్చినప్పుడల్లా లంకని ఎగువన కొంచెం కోసుకుంటుంది, దిగువన కొంచెం ఒండ్రు పోసి వెళ్తుంది. అడిగి తీసుకోదు, చెప్పి ఇవ్వదు.

లంక మనుషులకీ ఒక అలవాటు ఉంది. కోత ఏ పాక దగ్గరికి వస్తే ఆ పాక తాటాకు కప్పుని గుంజల మీంచి విప్పి, పదిమందీ లోపల దూరి, నెత్తిన పెట్టుకుని దిగువకి నడుస్తారు. దూరం నుంచి చూస్తే పాకకి కాళ్ళు మొలిచినట్టు ఉంటుంది. పాక ఎవరిదైతే వాళ్ళు మోసినవాళ్ళకి అన్నం, చేపల పులుసు పెట్టాలి. ఇంతకంటే దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు.

బడికి రాజుగారి కొట్టు నుంచి గింజలు వచ్చేవి. పంతులు జీతం అందులోంచే. పిల్లలకి మధ్యాహ్నం కాచే జావ అందులోంచే. బడి పాకకి వంతు వచ్చిన ఏడాది మోసేవాళ్ళ భోజనమూ అందులోంచే.

పంతులు పిల్లలకి అక్షరాలు నేర్పేవాడు. వాటితోపాటు లంక ఎలా పుట్టిందో చెప్పేవాడు. పళ్ళెంలో మట్టిముద్ద పెట్టి, చెంబుతో ఒక పక్కనుంచి సన్నగా ధార పోసేవాడు. ముద్ద ఈ పక్క కరిగేది, కరిగింది ఆ పక్క పేరుకునేది. "చూశారా, ఇదే మన లంక" అనేవాడు.

శుక్రవారం సాయంత్రం అదే బడిలో, పిల్లల చాపల మీద ఒక మామ్మ కూర్చునేది. బడి పక్కనే ఉన్న అమ్మవారికి దీపం పెట్టేది ఈ మామ్మే. "ముందు అంతా నీళ్ళేనర్రా" అని మొదలుపెట్టేది. "అమ్మ నెత్తిన మట్టితట్ట పెట్టుకుని ఏరు దాటుతోంది. మెడ నెప్పెట్టింది. తట్ట దించింది. అదే మన లంక."

పిల్లలకి పళ్ళెం నచ్చేది, తట్టా నచ్చేది. పేచీ అంతా పెద్దవాళ్ళిద్దరి మధ్యే.

"తట్ట దించింది సరే, తట్టలోకి మట్టి ఎక్కడిది మామ్మా?" అనేవాడు పంతులు.

"నీ పళ్ళెంలో నీళ్ళు ఎవరు పోశార్రా?"

"నేనే పోశాను."

"మరింకేం?"

పంతులుకి ఆ పూట అన్నం సహించేది కాదు. మర్నాడు కొత్త ప్రశ్నతో మామ్మ గుమ్మంలో నిలబడేవాడు. ఇలా ఇద్దరికీ జుట్టు నెరిసింది.

ఒకసారి ఆ లంక పిల్లల మాటలు ఏరు దాటి రాజుగారి చెవిన పడ్డాయి. ఒకే బడిలో రెండు పాఠాలా అని ఆయన ఆశ్చర్యపోయాడు. కొలువులో పండితులు రోజంతా వాదించుకున్నారు. వాళ్ళలో ఎవరూ లంక చూసినవాళ్ళు కారు కాబట్టి వాదన చాలా బాగా సాగింది.

చివరికి ఒక పండితుడు లేచి, "పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చెప్పిద్దాం ప్రభూ" అన్నాడు.

"మరి మధ్యాహ్నం పిల్లలు ఏది నమ్మాలి?" అన్నాడు రాజు.

పండితులు మళ్ళీ వాదనకి దిగారు. రాజు తేల్చేశాడు. "గింజలు మనవి. కాబట్టి పాఠమూ మనదే."

కొన్నాళ్ళకి ఒక పడవ లంకకి వచ్చింది. అందులోంచి ఒక అధికారి దిగాడు, ఆయన వెనక ఒక రాయి దిగింది. రాయిని బడి గుమ్మం ముందు పాతించి ఆయన గట్టిగా చదివాడు: "ఈ లంకను అమ్మ దించినది. దించిన నాటి నుండి ఇది వేలెడైనా కదలలేదు. వేరుగా చెప్పిన బడికి గింజలు లేవు."

మామ్మ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని విన్నది. "దించిందని నేనే చెప్పాను. కదల్లేదని నేనెప్పుడన్నాను బాబూ?" అంది.

"అది కొలువులో కలిపారు" అన్నాడు అధికారి.

పంతులు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "బాబుగారూ, ఈ ఏడు బడి ఎత్తాలండి. వంతు వచ్చింది. మోసేవాళ్ళకి భోజనం..."

"ఎత్తడం ఎందుకు?"

"ఏరు కోస్తోందండి."

"కోస్తోందని రాయి మీద ఉందా?"

"ఏటికి చదువు రాదండి."

అధికారి నవ్వలేదు. కదలని నేల మీద బడిని కదిపితే రాజుగారి మాట అబద్ధమైనట్టేనని, కదిపిన రోజే గింజలు ఆగిపోతాయని చెప్పాడు. మాట జరుగుతోందో లేదో చూడడానికి వానాకాలం దాకా తను ఇక్కడే ఉంటానన్నాడు. లంకలో ఖాళీగా ఉన్న చూరు ఒక్కటే, బడి వెనక వసారా. పరుపు అక్కడ వేయించుకున్నాడు.

పంతులు ఆ సాయంత్రం లెక్క వేసుకున్నాడు. పళ్ళెం పాఠం చెబితే పిల్లలకి జావ ఉండదు. బడి కదపకపోతే బడే ఉండదు. మొండివాడే కానీ, మధ్యాహ్నం జావకుండ చుట్టూ చేరే మొహాలు ఆయనకి తెలుసు. పళ్ళెం కడిగి, తుడిచి, బడి చూరులో దోపేశాడు. మర్నాటి నుంచి పిల్లలు రాయి మీది అక్షరాలు దిద్దుతూ, మధ్యమధ్య చూరుకేసి చూసేవారు.

వేసవి ముదిరింది. పైన ఎక్కడో వానలు పడ్డాయి. ముందు ఎగువగట్టు మీది గుమ్మడిపాదు కాయలతో సహా వెళ్ళిపోయింది. తర్వాత గేదెల్ని కట్టే గుంజ వెళ్ళింది. రాత్రిళ్ళు గట్టు విరిగి నీళ్ళలో పడుతున్న చప్పుడుకి అధికారి పరుపు మీద లేచి కూర్చునేవాడు.

"ఏంటా చప్పుడు?" అని అడిగాడు పొద్దున.

"చెప్పకూడదండి" అన్నాడు పంతులు.

కొత్త వరదకి ఎర్రనీరు రాకముందు అమ్మవారికి ఊరేగింపు చెయ్యడం లంకలో ఆనవాయితీ. అమ్మ ఏడాదికోసారి బయల్దేరి తనకి నచ్చిన చోట కూర్చుంటుంది. కోత దగ్గరున్న చోటు ఆమెకి ఎప్పుడూ నచ్చలేదు.

మామ్మ అధికారి దగ్గరికి వచ్చింది. "బాబూ, రేపు అమ్మ ఊరేగింపు. ఎండ మండిపోతోంది. ఈ ఏడు అమ్మకి పందిరి కావాలిట."

"వేయించండి. భక్తి విషయంలో నేను అడ్డం రాను."

"నడిచే అమ్మకి పాతిన పందిరి ఎందుకు బాబూ? కూడా వచ్చేది కావాలి. ఈ బడికప్పు అయితే సరిపోతుంది."

అధికారి ఆలోచించాడు. బడిని కదపకూడదని ఆజ్ఞ ఉంది. అమ్మవారి ఎండకి అడ్డుపడమని లేదు. ఊరేగింపుకి భోజనాలు పెట్టించడం కొలువుకి మామూలే. తల ఊపాడు.

మర్నాడు డప్పులు మోగాయి. మోతగాళ్ళు కప్పు కిందకి దూరి, "ఓం... పట్టు!" అంటూ లేపారు. అమ్మవారిని ఎత్తుకున్న మామ్మ నడిమధ్య నీడలో నడిచింది. చుట్టూ పిల్లలు. బోలెడు కాళ్ళు మొలిచిన బడి లంక పొడవునా పుచ్చపాదులు తొక్కకుండా జాగ్రత్తగా నడిచింది. వెనక అధికారి తన పరుపు తనే చుట్టి చంకలో పెట్టుకుని వచ్చాడు.

దిగువన రెల్లు దట్టంగా మొలిచి గట్టిపడిన చోట మామ్మ ఆగింది. "అమ్మ ఇక్కడ కూర్చుంటానంటోంది."

"ఎంతసేపు?" అన్నాడు అధికారి.

"వచ్చే ఊరేగింపు దాకా."

"మరి బడి?"

"అమ్మ నెత్తిమీద నీడ పీకమంటారా బాబూ?"

పంతులు వేరే వైపు చూస్తున్నాడు. మోతగాళ్ళు అప్పుడే గుంజలు పాతేస్తున్నారు. అధికారి చెమట తుడుచుకుని, "సరే. బడి కదల్లేదు. అమ్మ వచ్చింది" అన్నాడు.

"ఆయ్, అంతేనండి" అన్నారందరూ.

రెండ్రోజులకి ఎర్రనీరు వచ్చిపడింది. అప్పుడు అధికారికి రాయి గుర్తొచ్చింది. పరుగున వెళ్ళి చూశాడు. పాత బడి అరుగు సగం లేదు. రాయి గట్టు అంచున నిలబడి ఏటిలోకి తొంగిచూస్తోంది. రాజుగారి మాట ఏటిపాలైతే తన ఉద్యోగమూ దాని వెనకే వెళ్తుంది. వెళ్ళినంత వేగంగానే మోతగాళ్ళ దగ్గరికి పరిగెత్తి వచ్చాడు.

"ఎత్తండర్రా, తొందరగా!"

వాళ్ళలో పెద్దవాడు తీరిగ్గా చుట్ట తీశాడు. "ఏటండి ఎత్తేది?"

"రాయి!"

"అదెక్కడికీ పోదండి. కదలని నేల కదండి."

"బాబ్బాబు! భోజనం నేను పెడతాను. చేపలు కూడా."

"పులసేనాండి?"

"పులసే!"

చుట్ట మళ్ళీ మొలలోకి వెళ్ళింది. తాళ్ళు కట్టి, కర్రలు దూర్చి, రాయిని భుజాలకెత్తుకున్నారు. దిగువకి వచ్చాక ఆగారు. "ఎక్కడ దించమంటారండి? భుజాలు పోతున్నాయి."

అధికారి మామ్మ వైపు చూశాడు. "రాళ్ళ సంగతి అమ్మ నాతో అనలేదు బాబూ. పంతుల్ని అడుగు" అంది మామ్మ.

అధికారి పంతుల్ని అడిగాడు. ఎక్కడ పెడితే మళ్ళీ ఏరు తొందరగా అందుకోదు?

"అది చెప్పకూడని పాఠమండి" అన్నాడు పంతులు.

"నేనే చెప్పమంటున్నాను కదయ్యా!"

"పాఠం నేను దారిలో నిలబడి చెప్పనండి. బడిలో చెబుతాను. చాప మీద కూర్చోండి."

అధికారి మోతగాళ్ళ మొహాలు చూశాడు. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి, చిన్నపిల్లల వరసలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. పంతులు చూరులోంచి పళ్ళెం తీశాడు. మట్టిముద్ద పెట్టాడు. చెంబుతో ధార పోశాడు.

ముద్ద ఈ పక్క కరిగింది, ఆ పక్క పేరుకుంది. అధికారి పళ్ళెం మీదికి వంగాడు. "ఇదా మన లంక?" అన్నాడు.

పిల్లలు నవ్వలేదు. వాళ్ళలో ప్రతివాడూ మొదటిరోజు అడిగింది అదే.

"నీళ్ళు ఎవరు పోశారో కూడా అడుగు బాబూ!" అని గుమ్మంలోంచి మామ్మ అరిచింది. పంతులుకి ఆ పూట అన్నం సహించలేదు. పులస పులుసు మాత్రం రెండుసార్లు వేయించుకున్నాడు.

రాయిని రెల్లు పక్కన పాతారు. అధికారి దాని ముందు నిలబడి, కొలువులో చెప్పాలి కాబట్టి ఒకసారి గట్టిగా చదువుకున్నాడు: "వేలెడైనా కదలలేదు."

"ఆయ్, నిజమేనండి" అన్నారు మోతగాళ్ళు, భుజాలు రాసుకుంటూ.

ఆ రాజు పోయాడు, ఇంకో రాజు వచ్చాడు. బడికి గింజలు ఇప్పటికీ వస్తున్నాయి. కోత దగ్గరికొచ్చిన ఏడాది ముందు అమ్మ కదులుతుంది, అమ్మ నెత్తిమీద బడి కదులుతుంది, చివర రాయి కదులుతుంది. అన్నిటిలోకీ బరువు రాయిదే. మోతగాళ్ళ వెనక పిల్లలు దాన్ని చదువుతూ నడుస్తారు. ఎగిరెగిరి పడుతున్న అక్షరాలు చదవడం కష్టం. ఆ లంక పిల్లలకి చదువు అంత బాగా రావడానికి కారణం అదేనంటారు.