సుద్దమిట్టలో తొలి చాలు

కంబగిరయ్య గారు శాస్త్రాలు ముందేసుకుని జవాబు చెప్పే గురువు కారు. ఎవరేమడిగినా చేతిలో పని ఆపకుండా వినేవారు. ఆ పని ముగిశాక, చెప్పదలచుకుంటే, తాను చూసిందో విన్నదో ఒక సంగతి చెప్పేవారు. దాన్ని తన ప్రశ్న పక్కన పెట్టి తూచుకోవడం అడిగినవాడి బాధ్యత. ఆయన ఆశ్రమమంటే మెట్ట చేల మధ్య రెండు రేకుల కొట్టాలు, ఒక బోరింగు. అక్కడ కూర్చుని తినే శిష్యులుండరు. విత్తేవాళ్ళు, కోసేవాళ్ళు, వండేవాళ్ళు అందరూ శిష్యులే.

ఒకనాటి ఉదయం ఆయన కొర్రలు చెరుగుతుంటే మద్దిలేటి అనే శిష్యుడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "అయ్యా, తెలియక చేసినదానికి దోషముంటుందా?" అని అడిగాడు. ఆయన చెరుగుతూనే ఉన్నారు. మద్దిలేటి ఆగలేక తానే అందుకున్నాడు. "మంచి జరుగుతాదనుకుని నలుగురూ కలిసి చేస్తారు. అది చెడిపోతాది. వాళ్ళనెట్ల తప్పుపడతాం? దేవుడైనా తెలియనోణ్ణి ఎట్ల అడుగుతాడు?"

"ఎవరు చేశారు నాయనా?"

"ఎవరూ కాదయ్యా. ఊరికే అడిగినా."

కంబగిరయ్య గారు అతని ముఖం ఒకసారి చూశారు. మళ్ళీ గుచ్చి అడగలేదు. పొట్టు ఊదేసి, చేట పక్కన పెట్టి, ఈ సంగతి చెప్పారు. చెబుతున్నంతసేపూ ఆయన గొంతు పెంచలేదు. కాని ఆయనకు అంత కోపం రావడం, ఆ ఆశ్రమంలోనే ఉండే నేను, అంతకుముందు చూడలేదు.

సుద్దమిట్ట అని ఒక ఊరు. అక్కడంతా చిన్న కమతాలే. ఎద్దులను మేపలేక, పెద్ద ట్రాక్టర్ల బాడుగ భరించలేక, అక్కడి రైతులు సంఘం కట్టి ఒక చిన్న ట్రాక్టరు తెచ్చుకున్నారు. మంచి పనే. ఇక దాని వెనక తగిలించే పనిముట్టు కావాలి. ఒక్కటే కొనగలరు. సంఘానికి పెద్ద చెన్నకేశవులు. అతను నలుగురిని వెంటబెట్టుకుని పట్నం పోయి, దుకాణం ముందు వరసగా నిలబెట్టిన పనిముట్లు చూశాడు. గిరగిర తిరిగే కత్తులతో మట్టిని పొడి చేసే రోటవేటరు ఉంది. రాళ్ళ నేలలో దాని కత్తులు విరుగుతాయన్నారు, అది వదిలేశారు. అంతవరకూ బాగానే ఆలోచించారు. తరువాత ఐదు కర్రుల గొర్రు ఉంది. మట్టిని తిరగెయ్యకుండా పైపైన గీసి గుల్ల చేసేది. దాన్ని చూసి చెన్నకేశవులు నవ్వాడు.

"గొర్రు మన తాతలు ఎద్దులకు కట్టింది కాదా? ట్రాక్టరు తెచ్చి దానికీ గొర్రే కడితే, పక్క ఊరోళ్ళు మన ముఖాన ఉమ్మెయ్యరా?"

వెంట వచ్చినవాళ్ళూ నవ్వారు. పక్క ఊరిది నల్లరేగడి. అక్కడ రెక్క నాగలితో అడుగులోతు దున్ని, కింది మట్టిని పైకి తిరగేస్తారు. ఆ నేలకు అది చెల్లుతుంది. వీళ్ళూ ఆ రెక్క నాగలినే తెచ్చుకున్నారు. ఈ బండి ఆ నాగలిని ఎత్తగలదా అని ఒకరు అడిగారు. ధర తగ్గుతుందా అని ఒకరు అడిగారు. మన నేల మందమెంత అని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఊరి పేరులోనే సుద్ద ఉంది. ఆ ఊళ్ళో పుట్టి, ఆ మట్టి తొక్కి పెరిగినవాళ్ళు వీళ్ళు!

కొత్త నాగలికి పూజ చేసి తొలి చాలు ఎవరి చేలో వేస్తే, ఆ చేను ముగిసేదాకా దుక్కి ఆపకూడదని ఆ ఊరి ఆచారం. మధ్యలో ఎత్తితే ఊరికి అరిష్టమని నమ్మకం. ఆ తొలి చాలుకు వాళ్ళు సుంకులమ్మ చేను ఎంచారు. ఎందుకంటే అది రోడ్డు పక్కన ఉంది, పోయే వచ్చే జనానికి కనబడుతుంది. ఆమెతో మాత్రం ఆ మాట అనలేదు. "అవ్వా, తొలి గౌరవం నీ చేనికే ఇస్తాండాం" అన్నారు.

సుంకులమ్మ ముసలిది. భర్త పోయాడు, బిడ్డలు లేరు. ఆ భూమి చెక్క ఒకటే ఆమెకు ఆధారం. ఆమెకు దక్కిన నాడు అది చేను కాదు, సుద్ద తేలిన మిట్ట. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఎండాకాలమల్లా చెరువులో మట్టి తవ్వుకుని గంపలతో మోశారు. పేడ కలిపారు. రాళ్ళు ఏరి గట్టు వేశారు. అతను పోయాక ఆమె ఒక్కతే మోసింది. అట్లా ఒక జానెడు మట్టి నిలిచింది. ఆ జానెడులోనే సజ్జలు, కందులు పండించుకుని, ఎవరినీ చెయ్యి చాపి అడగకుండా బతికింది. కాబట్టి గౌరవమనగానే ఆమె సంతోషించలేదు.

"నా చేనికి గౌరవమొద్దు నాయనా, గొర్రు చాలు. జానెడు మట్టి, దాని కింద అంతా సుద్దే. కింది సుద్ద పైకొస్తే ఇంగ గడ్డి గూడ మొలవదు. నమ్మకుంటే గడ్డపార తెచ్చి ఒక గుంత తీసి చూడండి."

"ఏమవ్వా, ట్రాక్టరు తెచ్చుకున్నాక గూడ మమ్మల్ని గడ్డపార పట్టుకోమంటివా?" అన్నాడు చెన్నకేశవులు. అందరూ ఒకటే నవ్వు. ఒక గుంత తీయడానికి ఎంతసేపు? చుట్ట ముట్టించి ఆర్పినంతసేపు. అది కూడా చేయలేదు. అందరూ ఒప్పుకున్నదాన్ని ఒక్కదానివి కాదంటావా అన్నారు. సంఘం ట్రాక్టరు మళ్ళీ నీ చేలోకి రాదన్నారు. ముసలిది ఏం చేస్తుంది? హారతి పళ్ళెం చేతికిచ్చి గట్టు మీద నిలబెట్టారు.

డ్రైవరు దస్తగిరి నాగలి దించి బండి కదిపాడు. చిన్న బండి, బరువైన నాగలి. ముందు చక్రాలు నేల విడిచి పైకి లేచాయి. ఈ నాగలి ఈ బండిది కాదని బండే చెప్పింది. వినే చెవులుంటే అక్కడే ఆగేవాళ్ళు. ఆగలేదు. ఇద్దరు దిట్టమైన మనుషులను పిలిచి ముందు బంపరు మీద బరువుకు కూర్చోబెట్టారు. "పెండ్లికొడుకులు మాదిరుండారు రా!" అని ఎవరో కేక వేస్తే వాళ్ళు మీసాలు దువ్వారు. ముందు చక్రాలు నేలకు ఆనాయి. బండి కదిలింది. నాగలి వెనక ఎర్రమట్టి ఒక పొర లేచి, దాన్ని మింగుతూ తెల్లగా, పిడచలు పిడచలుగా సుద్ద పైకి తేలింది. చేను ఈ కొస నుంచి ఆ కొసకు తెల్లటి గీత పడింది.

జనం నవ్వు ఆగిపోయింది. దస్తగిరి ఆ కొసన బండి ఆపి వెనక్కి చూశాడు. "అన్నా, తెల్లది వస్తాందే!" అని అరిచాడు.

"చూస్తిలేరా. పూజ చేసిన సాలు నడిమధ్యలో ఇడిస్తే ఊరికి మంచిదా? పోనీ, పోనీ" అన్నాడు చెన్నకేశవులు.

సుంకులమ్మ పళ్ళెం గట్టు మీద పెట్టి చాలులోకి దిగింది. ఒక సుద్ద పెళ్ళ చేతిలోకి తీసుకుంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని ఒక్కొక్కరి ముందుకూ పోయింది. "ఇదేంది చెప్పు నాయనా?" అని అడిగింది. ఆమె శాపం పెట్టలేదు, తిట్టలేదు. అంతే అడిగింది. ఒకడు చెన్నకేశవులును అడగమన్నాడు. చెన్నకేశవులు సంఘం తీర్మానమన్నాడు. ఒకడు దేవుడి పని మధ్యలో ఆపగూడదవ్వా అన్నాడు. అందరి కంటే వయసులో పెద్దవాడొకడు తల తిప్పుకుని రోడ్డు మీద పోయే బస్సు చూశాడు. అది సుద్ద అని నోరు తెరిచి చెప్పిన మగవాడు అక్కడ లేడు. బండి మలుపు తిరిగి వచ్చింది. మళ్ళీ పోయింది. మళ్ళీ వచ్చింది. పొద్దు నెత్తికెక్కేసరికి చేనంతా తిరగబడింది. సుంకులమ్మ ఒక జీవితకాలం మోసిన మట్టి అడుగుకు పోయింది. పైన సున్నం కొట్టిన గోడ మాదిరి తెల్లటి నేల మిగిలింది.

అప్పుడు కొబ్బరికాయ కొట్టి ప్రసాదం పంచారు! ఆమెకూ ఒక చిప్ప ఇచ్చారు.

వానలు పడ్డాయి. సుంకులమ్మ విత్తింది. మానుకోవడం ఆమెకు చేతకాదు. సజ్జ మొలకలు పసుపుపచ్చగా వచ్చి, వేలెడు ఎత్తున వాడి, ఎండిపోయాయి. చుట్టూ చేలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఎట్లా ఉన్నాయంటే, ఆ పూజ మరుసటి రోజే సంఘం మనుషులు నాగలిని బండికెత్తి పట్నం తీసుకుపోయారు. దుకాణంవాణ్ణి బతిమాలి, దాన్ని ఇచ్చేసి, ఐదు కర్రుల గొర్రు తెచ్చుకున్నారు. తమ చేలలో ఆ నాగలితో ఒక్క చాలు కూడా వెయ్యలేదు. పక్క ఊరివాళ్ళు ఏమంటారోనన్న బెంగ అప్పుడు ఒక్కరికీ రాలేదు. ఆ తరువాత సుంకులమ్మ కనబడినప్పుడల్లా, "తెలియక జరిగిపోయిందవ్వా, మనసులో పెట్టుకోవద్దు" అని చెప్పి పోతుండేవాళ్ళు. ఆమె మనసులో పెట్టుకున్నదో లేదో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆమె వాళ్ళ చేలలోనే కూలికి పోయి కలుపు తీస్తుంది.

కంబగిరయ్య గారు ఇక్కడికి ఆపి చేట మళ్ళీ చేతికి తీసుకున్నారు. మద్దిలేటి, ఎవరో తరుముతున్నట్టు, గబగబా అన్నాడు.

"చెన్నకేశవులుది తప్పేనయ్యా. నేను కాదనను. దస్తగిరి గూడ చూసినాడు. ఆ బంపరు మీద కూర్చున్నోళ్ళను మాత్రం ఎట్ల తప్పుపడతాం? బరువుకని పిలిస్తే పోయి కూర్చున్నారు. వాళ్ళ ముఖాలు ముందుకుంటాయి. నాగలి ఎనకాల ఉంటాది. దాని ఎనక ఏం లేస్తాందో వాళ్ళకెట్ల కనబడుతుంది?"

ఆ ఇద్దరిలో ఏ ఒక్కడు కిందికి దూకినా ముందు చక్రాలు లేచి బండి అక్కడే ఆగిపోయేది. ఆ సంగతి కంబగిరయ్య గారికి తెలుసు, మద్దిలేటికీ తెలుసు. ఆయన ఆ మాట అనలేదు. చేటలో కొర్రలు ఒకసారి ఎగరేసి పట్టుకున్నారు.

"నిజమే నాయనా. ఆ కొసకు పోయేదాకా కనబడదు" అన్నారు. "మలుపు తిరిగి వచ్చేటప్పుడు ఆ చాలు వాళ్ళ ముఖాలకు ఎటుపక్క ఉంటుంది?"