అల్లుడుగుండు శాసనం

ఒకానొక రాజ్యంలో ప్రచండవర్మ అనే రాజు ఉండేవాడు. అశ్వశాస్త్రంలో తనకు మించినవాడు లేడని ఆయన నమ్మకం. గుర్రాలు ఎదురు చెప్పవు కనుక అది అలాగే నిలిచిపోయింది.

ఆయన రాజధానిలో కుర్రాళ్ళు కసరత్తు చేసే తాలింఖానాలో ఒక పెద్ద రాతిగుండు ఉండేది. పండక్కొచ్చి కూర్చున్న అల్లుడిలా ఎవరెంత బతిమాలినా కదలదని దాన్ని అల్లుడుగుండు అనేవారు. దసరాకు పొరుగురాజు వస్తున్నాడు. ఆయన ఎదుట, తాలింఖానాలో కసరత్తు నేర్చుకునే పోలయ్య ఆ గుండు ఎత్తాలని రాజాజ్ఞ అయింది. పోలయ్యకు పద్నాలుగేళ్ళు.

వాడికి కసరత్తు నేర్పే ఉస్తాదు మదారు సాహెబు రాయసం గురవన్న దగ్గరికి పరుగెత్తాడు. రాయసమంటే రాజుగారి నోటి మాటను తాటాకు మీద పెట్టే ఉద్యోగం.

"పంతులుగారూ, వాడి ఎముక ఇంకా పచ్చిది. ఏడాదికో రాయి పెంచుకుంటూ పోతే ఆరేళ్ళకు వాడే ఎత్తుతాడు. నిరుడు ఇట్లాగే తొందరపెట్టారు, ఒక కుర్రాడు ఈనాటికీ వంగి చేదతో నీళ్ళు తోడలేడు."

"రాజుగారితో చెప్పావా?"

"చెప్పాను. 'ఆరేళ్ళా! నా పట్టాభిషేకమే ఆరు రోజుల్లో అయింది' అన్నారు."

మర్నాడు గురవన్న కొలువులో గంటం, తాటాకు పట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, కొత్త గుర్రప్పిల్లను దసరా ఊరేగింపులో ఎక్కి తిరగవచ్చునా అని గుర్రపుశాల వారు అడుగుతున్నారు."

రాజు సింహాసనం మీద ఎగిరిపడ్డాడు. "ఏ గాడిద అడిగింది? నడుం విరిగి చస్తుంది!"

"తెలియనివాళ్ళు ప్రభూ. తమరు సెలవిస్తే శాసనంగా రాసుకుంటాను."

రాజు మీసం దువ్వి మొదలుపెట్టాడు. "రాసుకో. ఎముక ముదిరేదాకా పిల్ల మీద బరువు మోపరాదు. ముందు పరుగు, తర్వాత మలుపులు నేర్పాలి. బరువు ఏడాదికి కాస్త కాస్త పెంచాలి. అలిసిన రోజు విశ్రాంతి. పూటకు సేరు ఉలవలు. తొందరపెట్టినవాడికి పది కొరడా దెబ్బలు!"

చదివి చూసుకునే అలవాటు లేదు కనుక రాజు ముద్ర వేసేశాడు. గురవన్న తాటాకు కళ్ళకద్దుకుని, తాలింఖానా వారికి శాసనమని నిండు కొలువులో గట్టిగా చదివాడు. ఆఖరి వాక్యం దగ్గర మాత్రం దగ్గు వచ్చింది.

"ఓరి! నేను చెప్పింది గుర్రప్పిల్ల సంగతిరా!"

"చిత్తం. ఏలినవారు 'పిల్ల' అన్నారు, 'పిల్ల' అనే రాశాను. ముందు 'గుర్రం' అని చేర్చమంటే ఇప్పుడే చేరుస్తాను. ఈ రాజ్యంలో దయ గుర్రాల పిల్లలకే, మనుషుల పిల్లలకు లేదని జనం అనుకుంటారు, అంతే. చేర్చమంటారా ప్రభూ?"

రాజు కొలువు వంక చూసి మీసం దువ్వాడు.

"వద్దు. పోలయ్య ఈ దసరాకు పరుగు పెడితే చాలు. గుండు వాడి ఎముక ముదిరాకే. అది సరే, దగ్గులో మింగేసిన ఆ ఆఖరి ముక్క ఏమిట్రా?"

"కొరడా సంగతి ప్రభూ. తొందరపెట్టింది ఎవరో విచారించాలి కదా. నాకు ఆ ధైర్యం లేక దగ్గాను."

రాజు పగలబడి నవ్వాడు. నవ్వుతూనే చేతి కడియం తీసి గురవన్న చేతిలో పెట్టాడు. "శాసనం శాసనమే. పోలయ్యకు పూటకు సేరు ఉలవలు. రాసినవాడివి కనుక పక్కన కూర్చుని నువ్వూ ఒక సేరు తిను."

కడియం గురవన్నకు వదులైంది. ఉలవల విషయంలో మాత్రం రాజు ఆరేళ్ళూ పట్టు సడలించలేదు.