గాదెలో తాచు, టీవీలో చావులేనివాళ్ళు

నమ్మనివాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి బయటికి నడవండి. మధ్యలో లేచి "ఇవన్నీ కోతలు" అన్నారో, ఊరుకోను. వయసులో ఉన్నప్పుడు నేను తుమ్మితే కృష్ణలో పడవలు ఎదురెక్కేవి. అలాంటి మనిషికి అబద్ధమాడాల్సిన అవసరమేముంది? ఇదంతా కళ్ళారా చూసిందే. చూసిన కళ్ళు ఇవే, ఇంకా మార్చలేదు.

మా ఊళ్ళో తప్పెటవారి ఇల్లని ఒక ఇల్లుంది. దేవుడు తెలివి పంచడానికి బయల్దేరి ముందు తమ వాకిట్లోనే గంప దించాడనీ, అడుగున మిగిలిన తవుడు మాత్రం ఊరందరికీ చల్లి పోయాడనీ వాళ్ళ నమ్మకం. ఆ తెలివి కారిపోతుందేమోనని ఇంటిల్లిపాదీ చెవుల్లో దూది పెట్టుకునేవాళ్ళు. తలంటు రోజున తలకి తుండు చుట్టుకుని, దాని మీంచే కుంకుడు రసం పోసుకునేవాళ్ళు, తెలివి నీళ్ళలో కొట్టుకుపోకుండా!

తల్లి అక్కమ్మ, పెద్దకొడుకు ఏడుకొండలు, అతని పెళ్ళాం నాంచారమ్మ, చిన్నకొడుకు కోటిలింగం. నలుగురే మనుషులు. టీవీలు మాత్రం రెండు. పెద్దాడిది గోడంత, చిన్నాడిది పీటంత. ఎందుకంటే సాయంత్రం ఒకే వేళకి రెండు సీరియళ్ళొస్తాయి. రెండూ ఆకాశంలో ఓడలేసుకుని గ్రహాల మధ్య తిరిగే కథలే.

పెద్దాడి సీరియల్లో రెప్పదొర ఉంటాడు. వెండి చొక్కా. రెప్ప వాలిస్తే గ్రహం మాయం, ఎత్తితే ప్రత్యక్షం. చావు లేదు. చిన్నాడి సీరియల్లో ఇనపతాత. సూర్యుణ్ణి మొదటిసారి వెలిగించినప్పుడు అగ్గిపుల్ల గీసినవాడట. మీద బాంబులేస్తే మింగి త్రేనుస్తాడు. ఆయనకీ చావు లేదు. వాళ్ళకి లేదు గనక ఆ సీరియళ్ళకీ లేదు. ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉన్నాయి.

సరే, తొలకరి పడింది. చేలు దున్నారు. నాంచారమ్మ విత్తనపు జొన్నల కోసం కొట్టుగదిలోకి వెళ్ళి గాదె మూత ఎత్తింది. లోపల్నుంచి బుస్సుమంది.

"ఏమయ్యోయ్! జొన్నలకి కోపమొచ్చింది!" అని అరిచింది.

ఏడుకొండలు వెళ్ళి తొంగిచూసి వెనక్కి దూకాడు. "కోపం కాదే, పడగే మొలిచింది!"

తాచుపాము! నిలువునా లేస్తే నా అంత ఉంటుంది, నేనేమో దూలాలకి తల తగిలే మనిషిని. అంతే, గాదె మూత మూశారు, తలుపు మూశారు, నోళ్ళు మాత్రం తెరిచారు. ఊరంతా వినబడేలా ఏడుపు. ఏడవరా మరి? చేలో పదును ఆరేలోగా విత్తనం పడకపోతే ఏడాదంతా పస్తులే.

నేనే పట్టేసేవాణ్ణి. తాళ్ళు లేనప్పుడు తాచుపాముల్ని ముడేసి నూతిలో నీళ్ళు తోడిన చెయ్యి ఇది. కానీ ఆ రోజు వేలికి ముల్లు గుచ్చుకుని ఉంది. అందుకని పాములోణ్ణి పిలిపించాను. బుట్టా కర్రా పట్టుకుని వచ్చాడు పాపం.

అక్కమ్మ వాణ్ణి గుమ్మంలోనే ఆపింది. "నాయనా, నీకు చావుందా?"

"లేకేం అవ్వా, ఎప్పుడో ఒకప్పుడు పోవాల్సిందేగా."

"విన్నార్రా? వాడి నోటితో వాడే ఒప్పుకున్నాడు! చావున్నవాణ్ణి పాము దగ్గరికి పంపితే చస్తాడు గదా. ఆ పీడ మనింట్లో ఎందుకు? పొమ్మనండి. చావులేనివాణ్ణి తీసుకురండి."

"మా రెప్పదొర ఉన్నాడుగా!" అన్నాడు పెద్దాడు.

"మా ఇనపతాత ఉన్నాడుగా!" అన్నాడు చిన్నాడు.

ఇంకేముంది, పామును వదిలేసి ఒకరి మీదొకరు బుస కొట్టడం మొదలెట్టారు.

"మా దొర ఒక్క రెప్ప వాలిస్తే పాము మాయం!"

"పాముతో పాటు గాదె మాయమవదా? మొన్న ఒక గ్రహాన్ని మాయం చేస్తే దాని మీద విడిచిన ఆయన చెప్పులే పోయాయి!"

"మీ తాత పామును మింగేటప్పుడు జొన్నలు కూడా మింగడా?"

"తాతకి పళ్ళు లేవన్నయ్యా, జొన్నలు తినడు. సరేగాని, మీ దొర నిద్రపోయేటప్పుడు రెండు రెప్పలూ వాలుస్తాడు గదా, అప్పుడు లోకం ఏమవుతుంది?"

"అందుకే ఆయన నిద్రే పోడు. ఆ ఎర్రకళ్ళు చూళ్ళేదా? మీ తాత సూర్యుడికంటే ముందు పుట్టాడంటావే, ఆ చీకట్లో మంత్రసానికి ఏం కనబడిందిరా? పిల్లాడనుకుని ఇంకేం పట్టుకొచ్చిందో!"

"మా తాత పుట్టుకనే అనుమానిస్తావా!" అని కోటిలింగం రోకలెత్తాడు.

నవ్వకండి. బాగా చదువుకున్నవాళ్ళు కూడా ఫోన్లలో ఇదే పోట్లాట పోట్లాడుకోవడం నేను చూశాను. వాళ్ళకైతే గాదెలో పాము కూడా లేదు.

"కొట్టుకోవడమెందుకు? కొలిచి చూడండి" అంది నాంచారమ్మ. సీరియళ్ళ వేళకి టేపు పట్టుకుని ఇద్దర్నీ కొలిచారు. పెద్ద టీవీలో రెప్పదొర రెండు మూరలున్నాడు. చిన్న టీవీలో ఇనపతాత జానెడు.

"జానెడు మనిషి! పాముకి ఫలహారం!" అని పెద్దాడు గంతులేశాడు.

అంతలో తాత మొహం దగ్గరికొచ్చి తెర నిండా పరుచుకుంది. కోటిలింగం ఎగిరి గంతేశాడు. "తలే ఇంతుంటే, కింద ఒళ్ళెంతుండాలి? ఇంతకుముందు కూచున్నాడు, ఇప్పుడు లేచాడు! మిగతాదంతా నేలలో ఉంది!"

అంతే. గునపం తెచ్చి టీవీ కింద తవ్వారు. పాదాలు ముట్టుకుని పిలుచుకొద్దామని నడుము లోతు తవ్వారు. పాదాలు దొరకలేదు. నాలుగు వానపాములు దొరికాయి.

"తాత కాలి నరాలు! చూసి తియ్యండ్రా!" అంది అక్కమ్మ, కళ్ళకద్దుకుంటూ.

ఇలా తేలేది కాదని ఆవిడే మరో ఉపాయం చెప్పింది. "ఎదురెదురుగా నిలబెట్టండి. వాళ్ళే తేల్చుకుంటారు."

వాకిట్లోకి రెండు టీవీలూ మోశారు. వైర్లు లాగి, ముక్కుకి ముక్కు తగిలేలా తెరా తెరా ఆనించారు. దెబ్బలు తగులుతాయని అందరూ మంచాలడ్డం పెట్టుకుని కూచున్నారు. నేను మాత్రం రొమ్ము విరుచుకుని నిలబడ్డాను. లోపల్నుంచి ఒకటే ఢాం ఢాం! "నిన్ను భస్మం చేస్తా!" అని ఒకడు, "హహ్హహ్హా, చేసి చూడు!" అని ఇంకొకడు. నిజంగా ఒకరికొకరు జవాబు చెప్పుకుంటున్నట్టే ఉంది. నాకే కాస్త చెమట పట్టింది.

ఉన్నట్టుండి నిశ్శబ్దం. కరెంటు పోయింది.

కోటిలింగం పాక్కుంటూ వెళ్ళి టీవీలు విడదీసి చూశాడు. రెండు తెరలూ నల్లగా ఉన్నాయి. "అమ్మా! ఇద్దరూ పోయారే!"

ఇంకేముంది, అక్కమ్మ గుండెలు బాదుకుంది. అన్నదమ్ములు కౌగిలించుకున్నారు.

"మీ తాత బంగారంలాంటి మనిషిరా తమ్ముడూ."

"మీ దొర చూపు ఎంత చల్లనిదన్నయ్యా!"

నలుగురూ తలకి తుండ్లు చుట్టుకుని చావు స్నానాలు చేస్తుండగా కరెంటొచ్చింది. "నాకు మరణం లేదు!" అని రెండు టీవీలూ ఒక్కసారే గర్జించాయి. నలుగురూ చెంబుల మీద పడ్డారు.

"చచ్చి లేచారు! ఇద్దరూ సమానమే! ఇద్దర్నీ పంపుదాం!" అన్నాడు పెద్దాడు.

టీవీలు కొట్టుగదిలోకి మోసి, గాదె పక్కన రెండు బల్లలేసి కూచోబెట్టి, గొంతులు పెంచగలిగినంత పెంచారు. గడకర్రతో గాదె మూత తోశారు. ఆ మోతకి గోడలదిరాయి. పాము ఎంతసేపు భరిస్తుంది? గాదె దిగి, నా రెండు కాళ్ళ మధ్య నుంచి తూములో దూరి, చెరుకు తోటలోకి వెళ్ళిపోయింది. దాని మొహంలో విసుగు నేను స్పష్టంగా చూశాను.

"ఒరే, పాము పోయింది! విత్తనం తీసుకోండి!" అన్నాను.

"ఉండు మామా, దొరవారు మాట్లాడుతున్నారు" అన్నాడు ఏడుకొండలు చేతులు కట్టుకుని.

రెప్పదొర ముందు శత్రురాజెవడో మోకరిల్లి ఉన్నాడు. దొర గంభీరంగా అన్నాడు: "శరణన్నావు, క్షమించాను. ఈ గ్రహం ఇక నీది. ఇందులో రేణువు ముట్టుకున్నవాణ్ణి రెప్ప వాల్చి మాయం చేస్తాను." అవతలి టీవీలో తాత ఏదో పనిమీద తల ఊపాడు.

"ఇద్దరి మాటా ఒక్కటే అయింది. గాదె పాముకి రాసిచ్చేశారు" అంది నాంచారమ్మ నిట్టూర్చి.

"పాము లేదే తల్లీ! నా కాళ్ళ కిందనుంచే పోయింది!"

"కొత్తగా రాజ్యమొచ్చినాయన, అలా షికారుకెళ్ళుంటాడు మామా, మళ్ళీ వస్తాడు. వచ్చేసరికి గింజ తగ్గితే మనం మాయమైపోతాం."

నేను కేకలేశాను, బతిమాలాను. గాదెలోకి చెయ్యి పెట్టబోతే నలుగురూ నా నడుం పట్టుకుని వేలాడారు. టీవీలు బయటికి తెచ్చి, కొట్టుగదికి మేకులు కొట్టేశారు. ఎలకలు మాత్రం ఏ దొరకీ భయపడలేదు, ఆ వారంలోనే పని పూర్తి చేశాయి.

మేకులు కొట్టిన మర్నాడే అక్కమ్మ గుమ్మంలో చతికిలబడింది. "పదును ఆరిపోతోందిరా. ఏం చల్లుతారు? ఏడాదంతా ఏం తింటారు?"

కోటిలింగం చెవుల్లో దూది సర్దుకుని చాలాసేపు ఆలోచించాడు. "అన్నయ్యా, ఇన్నేళ్ళూ మనం చేస్తున్న తప్పేమిటో తెలిసింది. చచ్చే విత్తనం చల్లుతున్నాం. జొన్న మొలుస్తుంది, కంకేస్తుంది, చస్తుంది. మళ్ళీ ఏడాది మళ్ళీ విత్తనం! అదే చావులేని విత్తనం వేస్తే?"

ఏడుకొండలు తమ్ముణ్ణి ఎత్తుకుని గిరగిరా తిప్పాడు.

అంతే. ఆ సాయంత్రమే రెండు టీవీలకీ పసుపు రాసి, చేలో పెద్దదానికి పెద్ద చాలు, చిన్నదానికి చిన్న చాలు తీసి, మొహాలు పైకుండేలా పూడ్చారు. వైర్లు మాత్రం బయటికి వదిలారు, తీగ సాగడానికి. నీళ్ళు పెట్టారు. రోజూ పొద్దున్నే నలుగురూ గట్టు మీద నిలబడి, మట్టి వైపు రిమోటు చూపించి నొక్కుతూ, "లేవండి దొరా, లేవండి తాతా" అని పిలుస్తున్నారు.

కోతలంటారా? అయితే ఆ తీగలు పాకడానికి వెదురుబొంగులు తెచ్చి పందిరేసిన మనిషిని అడగండి. గొట్టిపాళ్ళ పున్నయ్య. అంటే నేనే.